వృథా ఓటు ఎవరి లెక్క? శింగనమల నుంచి కొన్ని ప్రశ్నలు

ఎన్నికలొచ్చిన ప్రతిసారీ బుక్కరాయసముద్రం మాదిగవాడలో ఒక మాట వినబడుతుంది. "గెలిచేవానికేయాల నాయనా ఓటు. గెలవనోనికేస్తే బూడిదలో పోసిన పన్నీరే గదా." చెరువుకట్ట దాటి అనంతపురం పోయి, అక్కడి నుంచి ఏ విశ్వవిద్యాలయం సెమినార్ హాల్లో కూర్చున్నా అదే మాట ఇస్త్రీ బట్టలేసుకోని ఎదురొస్తుంది. "ప్రధాన ప్రమాదాన్ని ఓడించాల్సిన సందర్భంలో ఓట్లు చీల్చడం బాధ్యతారాహిత్యం" అని. మొదటి మాట చెప్పేది బడి మొహం చూడని మా పెద్దనాయన. రెండో మాట చెప్పేది పుస్తకాలు రాసిన అభ్యుదయవాది. భాష వేరైనా ఇద్దరూ చెప్పేది ఒకటే. దళితుడు తనకు నచ్చినవానికి ఓటేస్తే ఆ ఓటు వృథా, పెద్ద పార్టీల్లో ఒకదానికేస్తే సద్వినియోగం.

మేము ఈ రెండు చోట్లా మసిలినవాళ్లం. మా ఇంట్లో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటి తరం మాదే. పెద్దనాయన మాటను అజ్ఞానం అని కొట్టేసి, అభ్యుదయవాది మాటను సిద్ధాంతం అని గౌరవించే అలవాటు చదువుకున్న మాలో కూడా ఉంది. ఆ అలవాటును పక్కనబెట్టి, రెండు మాటలనూ ఒకే తక్కెడలో పెట్టి చూడాలనేదే ఈ వ్యాసం ఉద్దేశం. పరీక్షకు మా నియోజకవర్గం కంటే మంచి చోటు ఇంకొకటి దొరకదు.

1. పది ఎన్నికల లెక్క

బుక్కరాయసముద్రం మండలం ఇప్పుడు శింగనమల శాసనసభ నియోజకవర్గంలో ఉంది. ఇది ఎస్సీలకు రిజర్వు అయిన స్థానం. శింగనమలలో ఏ పార్టీ గెలిస్తే రాష్ట్రంలో ఆ పార్టీదే అధికారం అనే సెంటిమెంటు జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పత్రికలవాళ్లు ప్రతి ఎన్నికలప్పుడూ దీన్ని వింతగా రాస్తారు. వింతగా కాకుండా లెక్కగా చూద్దాం. 1983, 1985లలో ఇక్కడ తెలుగుదేశం గెలిచింది, రాష్ట్రంలోనూ అదే గెలిచింది. 1989లో కాంగ్రెస్, రాష్ట్రంలోనూ కాంగ్రెస్. 1994, 1999లలో తెలుగుదేశం. 2004, 2009లలో కాంగ్రెస్. 2014లో తెలుగుదేశం, 2019లో వైఎస్ఆర్ కాంగ్రెస్, 2024లో మళ్లీ తెలుగుదేశం. పది ఎన్నికలు, నలభై ఏళ్లు. ఒక్కసారి కూడా శింగనమల ప్రతిపక్షంలో కూర్చునే మనిషిని శాసనసభకు పంపలేదు.

"గెలిచేవానికే ఓటు" అనే సిద్ధాంతాన్ని ఇంత నిష్ఠగా పాటించిన నియోజకవర్గం రాష్ట్రంలో ఎన్ని ఉంటాయి? ఆ సిద్ధాంతమే నిజమైతే ఇక్కడి వాడలు ఈపాటికి రాష్ట్రంలో అందరికంటే ముందుండాలి. ఎప్పుడూ పాలకపక్షం ఎమ్మెల్యేనే. ఒకరు మంత్రి కూడా అయినారు. అయినా వాన పడని ఏడాది వాడలో సగం ఇండ్లకు తాళాలు పడి బెంగళూరు బస్సు నిండటం ఆగలేదు. శెనక్కాయ పంట పోతే రైతుకు నష్టపరిహారం లెక్కలన్నా వేస్తారు. ఆ చేలో కలుపు తీసే, కాయ వలిచే కూలిమనిషికి పోయిన పనిదినాల లెక్క ఏ ప్రభుత్వం రాసింది?

ప్రభుత్వాలు మాకేమీ చేయలేదని మేము అనడం లేదు. రెండు రూపాయల బియ్యం తిన్నాం. స్కాలర్‌షిప్పుతో చదివినాం. మా జేజి పింఛను తీసుకుంది. కానీ ఇవి రాష్ట్రమంతటికీ వచ్చినవి. పాలకపక్షాన్ని ఓడించిన నియోజకవర్గంలోని జేజికి కూడా అదే పింఛను అందింది. మరి గెలిచేవానికి ఓటేసినందుకు శింగనమల వాడకు అదనంగా వచ్చిందేమిటి?

అసలు మా వాడలకు ఎక్కువ అక్కరకొచ్చింది ఏదని అడిగితే ఆడవాళ్లు చెప్పే మొదటి పేరు ఉపాధి పని. ఆ పథకం దేశంలో మొదలైందే మా నియోజకవర్గంలో, నార్పల మండలం బండ్లపల్లిలో. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి ప్రారంభించినారు. దీన్ని చూపించి "చూసినారా, పెద్ద పార్టీకి ఓటేస్తే వచ్చింది" అనేవాళ్లున్నారు. కానీ 2005లో ఆ చట్టం చేసిన ప్రభుత్వానికి సొంత మెజారిటీ లేదు. బయటి నుంచి సుమారు 60 మంది వామపక్ష ఎంపీలు మద్దతిస్తే నిలబడింది. పనిహక్కు కోసం కొట్లాడిన సంఘాలు వెనకుండి తోసినాయి. అంటే పెద్ద పార్టీ ఒక చిన్న పక్షానికి జవాబు చెప్పాల్సిన స్థితిలో ఉన్నప్పుడు మా అమ్మల చేతికి జాబ్‌కార్డు వచ్చింది. ఆ చిన్న పక్షాలకు దేశంలో ఎక్కడెక్కడో పడిన ఓట్లను వృథా ఓట్లు అందామా?

ఇంక తక్కువ చెడ్డవాణ్ని ఎంచుకోమనే వాదం. కారంచేడు 1985లో తెలుగుదేశం పాలనలో జరిగింది. చుండూరు 1991లో కాంగ్రెస్ పాలనలో జరిగింది. ఈ రెంటిలో తక్కువ చెడ్డది ఏదో చెప్పమని ఆ శవాలను మోసినవాళ్లను అడిగే ధైర్యం మాకు లేదు.

2. మన సీటు, వాళ్ల ఎంపిక

రిజర్వుడు స్థానంలో ఈ ప్రశ్న ఇంకా చిక్కుబడుతుంది. పెద్ద పార్టీలు రెండూ దళితుణ్నే నిలబెడతాయి. ఎవరు గెలిచినా "మనోడే గెలిచినాడు" అనుకోవచ్చు. మరి మూడోవాడు ఎందుకు?

దీనికి జవాబు 1932లో ఉంది. ఆ ఏడాది ఆగస్టులో ప్రకటించిన కమ్యూనల్ అవార్డు అణగారిన వర్గాలకు రెండు ఓట్లు ఇచ్చింది. ఒకటి తమ ప్రతినిధిని తామే ఎన్నుకునే ప్రత్యేక నియోజకవర్గంలో, రెండోది సాధారణ నియోజకవర్గంలో. గాంధీ నిరాహారదీక్ష తర్వాత సెప్టెంబరు 24న యరవాడ జైల్లో కుదిరిన పూనా ఒప్పందంతో రాష్ట్ర శాసనసభల్లో సీట్లు 71 నుంచి 148కి పెరిగినాయి. ప్రత్యేక ఓటు మాత్రం పోయింది. అంబేద్కర్ ఆ ఒప్పందంలోనే ఒక చిన్న రక్షణ పెట్టించుకున్నారు. ప్రతి రిజర్వుడు స్థానానికీ నలుగురు అభ్యర్థుల జాబితాను ముందుగా దళిత ఓటర్లే ఎన్నుకోవాలి. ఆ నలుగురిలో ఒకరిని అందరూ కలిసి ఎన్నుకోవాలి. దానికి పదేళ్ల గడువు పెట్టినారు. రాజ్యాంగం వచ్చేనాటికి అది లేదు.

ఇప్పుడు ఆ జాబితాను ఎవరు తయారుచేస్తున్నారు? పార్టీ ఆఫీసు. వాడ పని ఆ ఆఫీసు పంపిన ఇద్దరిలో ఒకరికి మీట నొక్కడం. 2024లో ఒక పెద్ద పార్టీ ఇక్కడ టిప్పర్ డ్రైవర్‌గా పనిచేసిన మనిషికి టికెట్ ఇస్తే అది రాష్ట్రమంతా ప్రచారంలో నలిగింది. మీరు చిన్నచూపు చూసినారని ఒకరు, మీరు మోసం చేస్తున్నారని ఇంకొకరు. ఆ డ్రైవర్ అభ్యర్థి కావాలని వాడ ఎప్పుడు కూర్చుని అనుకుంది, ఎవరు అడిగినారు అనే ప్రశ్న ఆ రచ్చలో మా చెవిన పడలేదు. కాన్షీరామ్ 1982లో, పూనా ఒప్పందానికి సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజున, 'చంచా యుగం' అనే పుస్తకం తెచ్చింది ఈ స్థితి గురించే. గెలిచిన మనిషిని తిట్టడానికి ఆ మాటను వాడడం మాకిష్టం లేదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అంతే అయ్యేటట్టు ఆ కుర్చీని చేసినారు.

అంబేద్కర్‌నే తీసుకుందాం. 1952 మొదటి సాధారణ ఎన్నికల్లో ఉత్తర బొంబాయి నుంచి ఆయన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున నిలబడినారు. గెలిచింది కాంగ్రెస్ నిలబెట్టిన నారాయణ్ కాజ్రోల్కర్. ఆయనా దళితుడే. 1954లో భండారా ఉప ఎన్నికలోనూ అంబేద్కర్ ఓడిపోయినారు. మా పెద్దనాయన లెక్క ప్రకారం, అభ్యుదయవాది లెక్క ప్రకారం, బొంబాయిలో అంబేద్కర్‌కు పడిన లక్షకు పైగా ఓట్లూ వృథా. కాజ్రోల్కర్‌కు పడినవి సద్వినియోగం. ఈ దేశంలో ఇయ్యాల ఆ మాట అనగలిగేవాడున్నాడా?

3. మూడో దారి అంటే ఎవరి దారి?

ఇంతవరకూ చదివిన మిత్రులు మేము మూడో పార్టీకి జెండా కడుతున్నామని అనుకోవచ్చు. అక్కడే ఆగాలి. మూడోది అయినంత మాత్రాన అది సూత్రం అయిపోదు.

1952లోనే మా జిల్లాలో ఒక పెద్ద సంఘటన జరిగింది. శింగనమల మండలం తరిమెలకు చెందిన కమ్యూనిస్టు నాగిరెడ్డి జైల్లో ఉండి పోటీచేసి అనంతపురంలో నీలం సంజీవరెడ్డిని ఓడించినారు. జిల్లా వామపక్షం ఇప్పటికీ గర్వంగా చెప్పుకునే గెలుపు అది. ఆ గర్వాన్ని మేము కాదనం. భూమి గురించి, కూలి గురించి మాట్లాడిన జెండా వెంట మా తాతలు కూడా నడిచినారు. అయితే ఆ పోటీలో ఇద్దరూ రెడ్లే, పైగా బావాబామ్మర్దులు. ప్రత్యామ్నాయం వచ్చింది గానీ దాని ముఖం మారలేదు. మేము ఓటర్లుగా, కార్యకర్తలుగా మిగిలినాం.

కారంచేడు తర్వాత పుట్టిన దళిత మహాసభ, దాని వెంట వచ్చిన చైతన్యం 1994లో బహుజన సమాజ్ పార్టీ వైపు పెద్ద ఆశతో చూసింది. కాన్షీరామ్ రాష్ట్రమంతా తిరిగినారు. గోడల మీద ఏనుగులు నడిచినాయి. శాసనసభలోకి ఒక్కటి కూడా పోలేదు. ఆ ఓటమి తర్వాత మనవాళ్లలో చాలామంది చెప్పిన మాట, జనం ఓటు అమ్ముకున్నారని. మాకు ఆ మాట మీద కోపం ఉంది. ఓటరును నిందించడం సులభం. ఎన్నికలకు ముందు ఎన్ని వాడల్లో ఎన్నేళ్లు పనిచేసినాం అనే ప్రశ్న కష్టం. ఉత్తరప్రదేశ్‌లో అదే పార్టీ 1984లో పుట్టి, ఓడి, ఓడించి, 2007లో 403కు 206 సీట్లు గెలిచింది. మధ్యన ఇరవై మూడేళ్లున్నాయి. అంతకు ముందే ఉద్యోగుల్లో బామ్‌సెఫ్ పని ఉంది. అదే పార్టీ 2022లో అక్కడే ఒక్క సీటుకు దిగింది. ఓటు కూడబెట్టుకోవచ్చు, ఖర్చయిపోనూవచ్చు అని రెండు పాఠాలూ అక్కడే ఉన్నాయి.

2009లో ప్రజారాజ్యం సామాజిక న్యాయం పేరుతో వచ్చింది. 18 సీట్లు గెలిచింది. 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. పెద్ద పార్టీ వద్దని ఓటేసినవాళ్ల ఓట్లు వాళ్లను అడగకుండానే పెద్ద పార్టీ గాదెలో పడినాయి. 2019లో జనసేన గెలిచిన ఒకే ఒక్క స్థానం రాజోలు. అది కూడా ఎస్సీ రిజర్వుడే. గెలిచిన ఎమ్మెల్యే పాలకపక్షం వైపు నడిచినారు. తెలంగాణలో 2023 ఎన్నికల్లో ఏనుగును నడిపించిన ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ 2024 మార్చిలో కారెక్కినారు. వీళ్ల కారణాలు వీళ్లకు ఉండొచ్చు. ఓటరు వైపు నుంచి చూస్తే ఒకటే కనబడుతుంది. ఓటేసిన రోజు ఉన్న సూత్రం ఓటేసిన తర్వాత ఎవరి చేతిలో ఉంటుందో ముందే తేల్చుకోకపోతే, మూడో పార్టీ కూడా పెద్ద పార్టీకి ఓట్లు చేరవేసే బండి అవుతుంది.

4. సూత్రం మాది, కూలి మా అమ్మది

ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు తర్జనభర్జన పడినాం. రాయకుంటే పైన రాసిందంతా సెమినార్ మాటే అవుతుంది.

కొన్నేళ్ల కిందటి ఒక ఎన్నికలో మేము హాస్టల్ నుంచి సెలవు పెట్టి వచ్చి వాడలో ఇల్లిల్లూ తిరిగినాం. రెండు పెద్ద పార్టీలూ వద్దు, ఫలానా మనిషి మనవాడు, గెలవకపోయినా మన లెక్క తేలుతుందని చెప్పినాం. పార్టీ పేరు, మనిషి పేరు ఇక్కడ అక్కర లేదు. ముప్పై నలభై మంది మా మాట విన్నారు. చదువుకున్న పిల్లోడు చెప్తున్నాడు కదా అని విన్నారు. ఫలితాలొచ్చినాయి. మేము హాస్టల్‌కు తిరిగిపోయినాం.

ఆ వారంలోనే ఊళ్లో ఒక అరుగు మీద బూత్ లెక్కలు చదివినారు. ఓటు రహస్యమే. కానీ బూత్ లెక్క రహస్యం కాదు. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని పడినాయో ఫారం 20లో అచ్చవుతుంది. మా బూత్‌లో వాడ ఓట్లే ఎక్కువ. ఎవరు వేసినారో తెలియకపోయినా, ఏ వాడ వేసిందో తెలిసిపోయింది. "ఓహో, మీకు వేరే నాయకుడు పుట్టినాడా" అన్నారంట. ఆ ఏడు శెనక్కాయ పీకే కాలంలో మా అమ్మను, ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్లను పనికి పిలవలేదు. పక్కూరి నుంచి ఆటోలో కూలీలను తెచ్చుకున్నారు. మా అమ్మ ఈ సంగతి మాకు చెప్పలేదు. సంక్రాంతికి ఇంటికొస్తే పెద్దనాయన చెప్పినాడు. "నీ సూత్రం మంచిదే అబ్బోడా. కూలి మాత్రం మీయమ్మది పోయ." మేము నిలబెట్టిన ఆ 'మనవాడు' ఆ ఏడంతా వాడ మొహం చూడలేదు.

అప్పుడు అర్థమైంది, పెద్దనాయన చెప్పే వృథా వేరు, అభ్యుదయవాది చెప్పే వృథా వేరు అని. అభ్యుదయవాది దేశం లెక్క చెప్తున్నాడు, తన జేబులోంచి పోయేదేమీ లేదు. పెద్దనాయన రేపటి కూలి లెక్క చెప్తున్నాడు. సూత్రానికి కట్టుబడి ఓటేయమని మేము చెప్పినప్పుడు ఆ సూత్రం ఖరీదును మేము కట్టలేదు, కట్టేవాళ్లను అడగనూ లేదు. ఈ తప్పు మాది.

మా చెరువుకు ఒక కథ ఉంది. కట్ట తెగబోతే ఊరిని కాపాడటానికి బాసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ తనను తాను బలిచ్చుకున్న కథ. కట్టమంచి రామలింగారెడ్డి దాన్ని 'ముసలమ్మ మరణము' కావ్యంగా రాస్తే ఆధునిక తెలుగు కవిత్వంలో తొలి కావ్యాల్లో ఒకటిగా పేరొచ్చింది. ఆ తల్లిని మేము తక్కువ చేయం. కానీ ఒకరు పోతే ఊరు బతుకుతుందనే లెక్క మా కట్ట మీద ఎంత పాతదో గుర్తుచేస్తున్నాం. పెద్ద ప్రమాదం పేరుతో వాడ ఓటును బలి అడగడం ఆ లెక్కే. పెద్ద సూత్రం పేరుతో మా అమ్మ కూలిని బలిపెట్టడం కూడా ఆ లెక్కే. రెండో పని చేసింది మేము.

ఇది మా ఒక్క ఊరి బాధ అనుకోవద్దు. బ్యాలెట్ కాగితాల కాలంలో అవసరమైన చోట్ల బూత్‌ల కాగితాలను కలిపి లెక్కపెట్టే వీలుండేది. మిషన్లు వచ్చినాక ఏ బూత్ లెక్క ఆ బూత్‌దే అయిపోయింది. చాలా బూత్‌ల మిషన్లను కలిపి మొత్తం మాత్రమే చూపించే టోటలైజర్ అనే యంత్రాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో సమర్థించింది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. బూత్ లెక్క తెలిస్తేనే పార్టీలకు పని సులువు. అదే లెక్క వాడ మెడ మీద కత్తి. దళిత రాజకీయాలు మాట్లాడే మనం ఈ యంత్రం గురించి ఎన్ని సభలు పెట్టినాం? దామాషా ప్రాతినిధ్యం గురించి, ప్రత్యేక నియోజకవర్గాల గురించి మాట్లాడాల్సిందే. వాటితోపాటు, ముందుగా, వాడ భయం లేకుండా ఓటేయగలిగే ఈ చిన్న ఏర్పాటును అడగాలి. ఇది లేకుండా సూత్రానికి ఓటేయమనడం ఈత రానివాణ్ని చెరువులోకి తోసి ధైర్యం చెప్పడం లాంటిది.

5. అడగాల్సిన లెక్కలు

అయితే ఏం చేయాల? ఏ పార్టీకి వేయాలో చెప్పే వ్యాసం కాదిది. పెద్ద పార్టీకా, మూడో పార్టీకా అని తేల్చుకునే ముందు వాడ అడగాల్సిన ప్రశ్నలు మాత్రం మూడు కనబడుతున్నాయి.

మొదటిది, ఈ అభ్యర్థి వెనక ఎన్నికల మరుసటి రోజు వాడలో నిలబడే సంఘం ఉందా? పని పిలవకపోతే అడిగే మనిషి, అట్రాసిటీ కేసు పెడితే స్టేషన్‌కు తోడొచ్చే మనిషి ఉన్నాడా? లేకుంటే ఆ ఓటు సూత్రానికి పడినట్టు కాదు, ఒక మనిషి సరదాకు పడినట్టు.

రెండోది, ఓడిపోయిన ఓటు ఎక్కడ జమ అవుతుంది? పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది. ఎస్సీ అభ్యర్థికి అసెంబ్లీ డిపాజిట్ ఐదు వేలు. ఇంత డబ్బుకే భయపడేవాడు పోటీ చేయగూడదు. రాష్ట్రంలో ఒక పార్టీకి 8 శాతం ఓట్లు పడితే సీటు లేకున్నా గుర్తింపు వస్తుంది, సొంత గుర్తు నిలుస్తుంది. అంటే ఓడిన ఓటుకు చట్టంలో కూడా విలువుంది. 2013 సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన నోటాకు ఆ విలువ లేదు. అది ఎన్ని పడినా మిగిలినవాళ్లలో ఎక్కువ వచ్చినవాడే గెలుస్తాడు. కాబట్టి కోపంతో నోటా నొక్కడానికీ, కూడబెట్టడానికి ఓడిపోయేవానికి వేయడానికీ తేడా తెలుసుకోవాలి. కూడబెట్టింది ఇంకో పార్టీకి పోసేయకుండా ఎవరు కాపలా ఉంటారో కూడా ముందే అడగాలి.

మూడోది, ఖరీదు ఎవరు కడతారు? కట్టేవాళ్లు కూర్చుని ఒప్పుకుంటేనే అది వాడ నిర్ణయం. హాస్టల్ నుంచి వచ్చిన మా లాంటివాళ్లు చెబితే అది మా నిర్ణయం. వాడ కూర్చుని, ఈసారి ప్రమాదం నిజంగానే పెద్దది, తక్కువ చెడ్డవానికే వేద్దామని అనుకుంటే దాన్ని ద్రోహం అనడానికి మాకు హక్కు లేదు. కాకపోతే ఆ ఓటు భక్తితో వేసింది కాకూడదు, అప్పుగా ఇచ్చింది కావాలి. ఏమేం అడిగి ఇచ్చినారో రాసిపెట్టుకోవాలి. శింగనమల పది ఎన్నికల్లో పోగొట్టుకున్నది ఆ పత్రమే. ఓట్లన్నీ గెలిచినాయి, అప్పు ఎవరి పేరునా రాయలేదు.

2024 ఫలితాలొచ్చిన రోజు పెద్దనాయన మాకు ఫోన్ చేసి "మన ఓటు ఈసారీ పోలేదు నాయనా, గెలిచినాం" అన్నాడు. ఏం గెలిచినాం పెద్దనాయనా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. "అది నువ్వు చదువుకున్నోనివి, నువ్వే చెప్పాల" అన్నాడు. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. వచ్చే ఎన్నికలకు అభ్యర్థులు ఖరారు కాకముందే, ఏ పార్టీ జీపూ రాకముందే, వాడలో ఆడవాళ్లతో సహా అందరం కూర్చుని ఈ మూడు ప్రశ్నలూ మాట్లాడుకోవాలని అనుకుంటున్నాం. మాట్లాడేది వాళ్లు, రాసేది మేము. వేరే నియోజకవర్గాల మిత్రులు తమ వాడల పది ఎన్నికల లెక్క రాసి పంపితే, ఈ చర్చను ఇక్కడే కొనసాగిద్దాం.